పడమటింటి పాట

నాకు కోపం జల్ది వస్తది. దాచేటి ముచ్చటేం గాదు, మా ఊర్ల బర్రెలకు గూడ ఎరుకే. కని ఈ కథల కోపం ఎవల మీద రావాల్నో వాళ్ల మీద రాలె. ముందుగాల రేడియో మీద వచ్చింది, ఎన్కముందు జూడకుంట ఓ ఆడివిల్ల మీద వచ్చింది. నా మీద నాకు వచ్చేటాల్లకు వారం దినాలు పట్టింది.

నా పేరు దుర్గవ్వ. మా ఇంటాయన రాజమల్లయ్య తాళ్లెక్కి కల్లు గీస్తడు, నేను నాట్లకు, కలుపులకు కైకిలి పోత. మర్కూక్ కాడ మా ఊరు. డబుల్ బెడ్రూం కాలనీల ఉంటం. చీటీలు తీసి ఇండ్లు పంచిన్రు. నాకు తూర్పు వరుసల వచ్చింది. గల్లీకి అవుతల, నా తలుపుకు సరిగ్గ ఎదురుంగ, పడమటి వరుసల, ఎన్నో ఏండ్ల సంది నాతోని నాట్లేసే ఎస్తేరుకు వచ్చింది. ఆ చీటీ తీసిన చెయ్యి చల్లగుండ. ఎస్తేరు అసొంటి మనిషి ఎదురింట్ల ఉండుడు అందరికి దొరకది.

అదేమన్న సదువుకున్నదా, లేదు. నాలుగు వరకు పోయింది బడికి. కని పాట కట్టుడు జూడాలె దానిది! మడిల దిగి నారు కట్ట ఇప్పుతుంటే మొదటి మాట వస్తది. గట్టు మీద సద్ది తినేటాల్లకు నాలుగు చరణాలైతయి. పొద్దు గూకినంక ఇంటికి వచ్చేటప్పుడు పాట మొత్తం మా నోళ్లల్ల ఉంటది. కాయితం లేదు, కలం లేదు. దేవుడు దాని నాలిక మీదనే రాసి పంపినట్టున్నడు. మా ఊరికి కాలువల నీళ్లొచ్చిన ఏడు అది కట్టిన పాట ఇప్పటికీ ఇంటే నాకు కండ్లల్ల నీళ్లు తిరుగుతయి.

ఎండిన ఒర్రెల ఏరు వారింది
ఎదురుంగ పోయినం, ఏడ్సుకుంట నవ్వినం

చూసిన్రా? రెండే మాటలు. ఆ దినం మేం గట్లనే చేసినం. నీళ్లను జూసి ముసలోళ్లు ఏడ్సిన్రు, పోరగాండ్లు ఎగిరిన్రు, నేను చీర తడుస్తుందన్న సోయి లేకుంట కాలువల కూసున్న. అందరం సూసినం, అదొక్కతే పాట జేసింది.

మా నాట్ల గుంపుల ఒక పద్ధతుంది. పాట ఎంతన్న కట్టుండ్రి, ఆఖరి చరణంల మడిల పనిజేసినోళ్ల పేర్లు రావాలె. నారు మోసినామె పేరు, నీళ్లు కట్టినాయన పేరు, అందరికన్న ఎనుక పాట కట్టినామె పేరు. పాటకు గది ఏలిముద్ర అసొంటిది. ఆ నీళ్ల పాట ఆఖరి చరణం గిట్లుంటది:

నారు మోసినదెవ్వరే? నడుమొంచిన లక్ష్మమ్మ
నీరు గట్టినదెవ్వరే? నిదురలేని భూమయ్య
పాట గట్టినదెవ్వరే? పడమటింటి ఎస్తేరు

రెండేండ్ల కింద ఎస్తేరు మెడకు గడ్డ లేసింది. పట్నంల ఆపరేషన్ చేసిన్రు. గడ్డ పోయింది, పానం దక్కింది, దేవుని దయ. గొంతు మాత్రం మల్ల ఎనుకటి లెక్క రాలె. మాట్లాడితే పొయ్యిల తడికట్టె పెట్టినట్టు చురచురమంటది. చర్చిల అందరికంటె ముందు పాట ఎత్తుకునే మనిషి, ఆపరేషన్ అయినకాన్నుంచి ఆఖరు వరుసల కూసొని పెదవులు గూడ కదపది. మడిలకు వచ్చుడు బందువెట్టింది. బయటోళ్ల ముందట నోరు తెరవది. నాతోని మాత్రం మాట్లాడేది, అదీ తలుపు దగ్గరికేసి. ఇగ దాని పాటలు నేను ఎత్తుకునుడు మొదలువెట్టిన. దాని పాట, నా గొంతు. అట్ల నడిచింది.

అప్పుడే అది సిద్దిపేటకు పోయి ఒక రేడియో సెట్టు కొనుక్కచ్చుకుంది. పోన్ల గూడ వస్తదే అంటే ఇనలె. కిటికిల పెట్టింది, తీగె గుంజి పైకి కట్టింది. "నా నోరు పోయింది, ఇగ గిది మాట్లాడుతది" అన్నది. మా దిక్కు కంకి రేడియో అని ఒకటి వస్తది. పెద్ద రేడియో గాదు, ఇరవై ముప్పై ఊర్లకు ఇనొస్తది. మన మాటల్నే మాట్లాడుతరు. పొద్దుగాల్నే మార్కెట్ల టమాట ఎంత పలికిందో చెప్తరు. వార్తలు సొంతంగ చెప్పద్దట, సర్కారు రూలు. ఆకాశవాణి వార్తల్ని ఉన్నయి ఉన్నట్టు అందిస్తరు. దాని ఎనుక గ్రామసభ అంటే ఏంది, పంచాయితి పైసలు ఏడికెల్లి వస్తయి, అడిగే హక్కు ఎవలికున్నది, అన్ని ఇప్పి చెప్తరు. మల్లన్న జాతర దినాలల్ల కొమురవెల్లికెల్లి ఒగ్గుకథ. దుబ్బాకల మగ్గం నేసే ముసలాయనను ఓసారి గంటసేపు మాట్లాడిపిచ్చిన్రు. ఆయన మాటల నడుమ మగ్గం చప్పుడు వినవడుతుంటే ఎస్తేరు పొయ్యి మీద అన్నం మాడవెట్టింది.

పోయినేడు గ్రామసభల మురికినీళ్ల మోరీల సంగతి అడిగింది గూడ ఆ రేడియోతోనే. అది రేడియోల విని, ఏ పైసలు దేనికొచ్చినయో కాయితం మీద రాసుకున్నది. సభల నా పక్కన కూసొని కాయితం నా చేతుల పెట్టింది. నేను లేసి సదివిన. ఊర్లె అందరు నోర్లు తెరిచిన్రు. నెల తిరిగేటాల్లకు మా గల్లీకి మోరీ వచ్చింది. "దుర్గవ్వకు ఎంత తెలివే" అన్నరు అందరు. ఎస్తేరు నవ్వింది. నేను గూడ నవ్విన. అప్పుడే నాకు సురుకు తాకాలె, తాకలె.

ఇగ అసలు సంగతికి వస్త. ఈ వానకాలం నాట్లప్పుడు కంకి రేడియోకెల్లి వినీత అని ఒక పిల్ల స్కూటీ మీద మడి కాడికి వచ్చింది. ఇరవై ఐదేండ్లుంటయి. చెప్పులు గట్టు మీద ఇడిచి, ప్యాంటు మోకాళ్ల దాక మలిచి, బురదల దిగింది. చేతుల మైకు, దానికి పిల్లి బొచ్చు లెక్క ఒక తొడుగు. సాలుల మొదట నేనుండి నీళ్ల పాట పాడుతున్న. మొగులు నల్లగయి ఉరుముతుంది. ఆ పిల్ల నా మూతి కాడ మైకు పెట్టి అడిగింది, "పెద్దమ్మా, ఈ పాట ఎవలు కట్టిన్రు?"

ఇగో, గిక్కడ నేను ఏం జేసిన్నో ఉన్నదున్నట్టు చెప్త, తిట్టుకుంటరో ఏం జేస్తరో మీ ఇష్టం. నా ముందట మైకున్నది. ముప్పై ఊర్లు ఇంటయి. పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి నా పేరు ఎవలన్న పిలిచిన్రంటే పనికే పిలిచిన్రు, లేకుంటే లొల్లికి పిలిచిన్రు. నా నోట్లకెల్లి అచ్చిన మాట, "నేనే. నేనే కట్టిన."

పక్కన లక్ష్మమ్మ నా నడుం గిచ్చింది. నేను ఇదిలించుకున్న. పాట మల్ల మొదటికెల్లి ఎత్తుకున్న. మంచిగ పాడిన, గది మాత్రం అబద్ధం గాదు. ఆఖరి చరణం కాడికి వచ్చిన. ఒక అబద్ధమాడినంక దాని ఎనుక ఇంకోటి ఆడాలె గద. ఎస్తేరు పేరు తీసి నా పేరు పెట్టిన. "పాట గట్టినదెవ్వరే? పడమటింటి దుర్గవ్వ." సాలుల ఎనిమిది మంది ఆడోళ్లు, ఒక్కలు గూడ అందుకోలె. నా గొంతు ఒక్కటే వినొచ్చింది. అంతల వాన దంచింది, అందరం గట్ల మీదికి ఉరికినం.

మంగళారం సాయంత్రం, వార్తలకు ముందు, పాట వచ్చింది. గల్లీల అందరి ఇండ్లల్ల అదే. ఎస్తేరు కిటికిల రేడియో ఎప్పటిలెక్కనే పెద్దగ మోగుతుంది. నేను మా గడప మీద కూసున్న. వినీత గొంతు వచ్చింది, "ఈ పాట కట్టింది, పాడింది దుర్గవ్వ." పాట మొదలైంది. కాలువల నీళ్లు ఒచ్చినట్టే వచ్చింది. ఆఖరి చరణం అయిపోయింది.

ఎస్తేరు ఇంట్ల రేడియో బందయింది. వార్తలు గూడ ఇనలె.

రాజమల్లయ్య మోకు సదురుకుంట నా దిక్కు సూసిండు. మా ఆయన మాట్లాడేది తక్కువ. తాడెక్కినోడు కిందికి దిగినంకనే మాట్లాడాలంటడు. "ఏమే," అన్నడు, "మనది పడమటిల్లు ఎప్పటిసంది అయింది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పేరు మార్చిన, ఇల్లు మార్చుడు మర్సిన! దొంగతనం జేసి అడుగులు ఇడిసిపెట్టి వచ్చినట్టయింది. "నీకేం ఎరుక పాట సంగతి, తాడెక్కు పో" అని ఆయన మీద పడ్డ. దొంగకు తేలు కుట్టినట్టే గద, అరవకుంట ఉండాల్సింది, అరిసిన.

తెల్లారి బజార్ల పోతుంటే అందరు నిలవెట్టి మెచ్చుకున్నరు. "రేడియోల పడ్డవట గద దుర్గవ్వా." చెప్తే సిగ్గు పోతది కని, ఒక్క దినం, ఆ ఒక్క దినం నాకు తియ్యగనే ఉండె. పొద్దుగూకినంక సర్వపిండి చేసి గిన్నెల వెట్టుకొని ఎస్తేరు ఇంటికి పోయిన. తలుపు తీసింది. గిన్నె తీసుకున్నది. "మంచిగ పాడినవ్" అన్నది ఆ గరగర గొంతుతోని. తిట్టలె, ఏడ్వలె. లోపటికి రమ్మనలె.

పొద్దుగాల మా గిన్నె గడప మీద ఉన్నది. మంచిగ తోమి, బోర్లేసి, ఖాళీగ.

మా దిక్కు ఎవలన్న గిన్నె ఖాళీగ వాపసిస్తరా? ఏమి లేకుంటే ఇంత చక్కెరన్న ఏసిస్తరు, రెండు మిరపకాయలన్న ఏసిస్తరు. ఇరవై ఏండ్ల దోస్తాన్ల ఎస్తేరు నాకు ఖాళీ గిన్నె ఇచ్చుడు గదే మొదలు. ఆ గిన్నె పట్టుకొని నేను గడప మీదనే నిలవడ్డ. చెంప మీద కొట్టినా గంత బాధ కాకపోతుండె.

ఆ కాన్నుంచి దాని రేడియో మోగలె. కిటికిల లేదు. పొద్దుగాల ఐదున్నరకు గల్లీని లేపేది ఆ రేడియోనే. ఎన్నిసార్ల తిట్టిన్నో, తగ్గియ్యే చెవులు వలుగుతున్నయని. ఇప్పుడు ఐదున్నరకు మెలకువ వస్తుంది, పక్కల పండుకొని ఇంటున్న, ఏం వినవడుతలేదు. నా వల్ల దాని నోరు మూతవడ్డది, రేడియో గూడ మూతవడ్డది. నాకు కావాల్సింది ఒక్కటే అనుకున్న. ఎదురింట్ల ఆ రేడియో మల్ల మోగాలె.

కని మనిషి బుద్ధి సూడుండ్రి, నేను ఏం జేసిన? ఎస్తేరు కాళ్ల మీద పడేటిది పోయి, రేడియో మీదికి కొట్లాటకు పోయిన. మండలంల ఎరువుల దుకాణం మీద ఉంటది వాళ్ల ఆఫీసు. చిన్న అర్ర. గోడలకు పాత బొంతలు కొట్టిన్రు, బయటి చప్పుడు రాకుంట. నడుమల ఒక బల్ల, రెండు మైకులు. వినీత చెవుల మీద వైరున్న బుట్టలు పెట్టుకొని ఏదో ఇంటుంది. నేను పోంగనే మొదలువెట్టిన.

"ఏం పిల్లా, మడిల అడిగినవ్, వాన వచ్చింది, నేను ఏదో అన్న, నువ్వేదో ఇన్నవ్. పాట ఎవలిదో తెల్సుకోకుంట ముప్పై ఊర్లకు చెప్తవా? నీ వల్ల నా ఎదురింటి మనిషి నాతోని మాట్లాడుడు బందు వెట్టింది. ఏం రేడియో నడుపుతున్నరు మీరు?"

ఇంకా శానా అన్న. అయన్ని ఇక్కడ చెప్పలేను. ఆ పిల్ల మద్దెల అడ్డం రాలె. అంత ఇన్నది. నీళ్ల సీస ఇచ్చింది. నేను తాగిన. అప్పుడు అన్నది, "పెద్దమ్మా, మేం మడిల పట్టుకున్నది అంత దాచిపెడ్తం. ఓసారి ఇందామా? తప్పు నాదయితే ఇప్పుడే దొరుకుతది."

బొత్తం ఒత్తింది. ఉరుము వినొచ్చింది. నీళ్లల్ల కాళ్ల చప్పుడు వినొచ్చింది. "పెద్దమ్మా, ఈ పాట ఎవలు కట్టిన్రు?" దాని ఎనుక నా గొంతు. "నేనే. నేనే కట్టిన."

అరే, నా గొంతు నాకే ఇనబుద్ధి గాలె. ఎంత ధీమా దాంట్ల! చుట్టు ఎనిమిది మంది ఊకున్నరు, ఆ ఊకునుడు గూడ వినొస్తుంది. అద్దంల మొకం రోజు సూస్తం, ఏం గాదు. కని అబద్ధమాడిన గొంతును కూసొని ఇనుడు, గంత కష్టం పగోళ్లకు గూడ రావద్దు. కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సిన. వినీత బొత్తం బందు వెట్టి నా పక్కన నేల మీద కూసున్నది.

మొత్తం చెప్పిన. ఎస్తేరు గొంతు సంగతి, పడమటిల్లు సంగతి, ఖాళీ గిన్నె సంగతి. నేననుకున్న, ఇగ ఈ పిల్ల నన్ను ఎంత మాటంటదో, అనాలె గూడ. అది ఏమన్నదో తెల్సా? "తప్పు నాది గూడ ఉంది పెద్దమ్మా. మాకొక పద్ధతుంది. పాట ఎవలిదని సాలు మొదట ఉన్నామెను అడిగితే, సాలు చివర ఉన్నామెను గూడ అడగాలె. ఆ దినం వాన వస్తుందని నేను చివరి దాక పోలె. పోయి అడిగితే ఆ ఆఖరామె చెప్పేది."

నేను దిమ్మరవోయిన. కొట్లాటకు వచ్చినదాన్ని నేను, అబద్ధమాడినదాన్ని నేను, తప్పు సగం పంచుకునేది తను! మా ఊర్ల పెద్ద పెద్దోళ్లు మాట తప్పి, మీసం దువ్వుకుంట తిరుగుతరు. ఈ ఆడివిల్ల, నా బిడ్డ ఈడుది, నాలుగడుగులు నడవలేదని మనసు నొచ్చుకుంటుంది.

"మంగళారం తప్పు చెప్పినం, మంగళారమే సరిజేస్తం," అన్నది. "ఏ టైంకు చెప్పినమో ఆ టైంకే. ఏదో ఎవలు ఇనని యాల్లకు మెల్లగ చెప్పి చేతులు దులుపుకునుడు ఉండది మా కాడ. నేను చెప్పాల్నా, నువ్వొచ్చి చెప్తవా?"

"నేనే చెప్త," అన్న. ఈసారి ఆ "నేనే" అబద్ధం గాదు.

కని ఒక చిక్కున్నది. ఎస్తేరు రేడియో బందు. నేను ముప్పై ఊర్లకు చెప్పినా ఇనాల్సిన ఆ ఒక్క మనిషి ఇనకుంటే ఏం లాభం? ముందుగాల్నే పోయి చెప్దామంటే తలుపు తీస్తలేదు. మంగళారం పొద్దుగాల నేను గల్లీల ఇల్లిల్లు తిరిగిన. "సాయంత్రం వార్తలకు ముందు అందరు రేడియోలు పెట్టుండ్రి. రేడియో లేనోళ్లు పోన్ల పెట్టుండ్రి. పెద్దగ పెట్టుండ్రి. కిటికీలు తెరిచి పెట్టుండ్రి." ఎందుకే అని అడిగినోళ్లకు "నా పరువు పోతది, ఇందురు రాండ్రి" అన్న. గా మాటకు అందరు ఒప్పుకున్నరు. రాజమల్లయ్య పొద్దు వాలంగ నేను మండలానికి బయలెల్లేటప్పుడు పోను తీసి మోకుకు కట్టుకున్నడు. "తాటి మీదికెల్లి గాలికి ఇంకింత దూరం ఇనొస్తది, పో," అన్నడు.

మైకు ముందట కూసున్న. చెవులకు బుట్టలు పెట్టిన్రు. గోడ మీద ఎర్ర లైటు బుగ్గ ఎలిగింది. ముందు వినీత మాట్లాడింది. "పోయిన మంగళారం ఇదే టైంల ఒక పాట ఎవలు కట్టిన్రో మేం తప్పు చెప్పినం. అడగాల్సినంత మందిని అడగకపోవుడు నా తప్పు. ఇన్నోళ్లందరు మాఫ్ చెయ్యాలె." ఒక సాకు లేదు, ఒక నసుగుడు లేదు. ఇగ నా దిక్కు చెయ్యి సూపింది.

ఏం ఏం చెప్పాల్నో దారి పొడుగుత అనుకుంట పోయిన. ఒక్కటి యాదికి రాలె. "నేను దుర్గవ్వను," అన్న. "ఆ పాట నేను కట్టలె. ఎస్తేరు కట్టింది. నేను అబద్ధమాడిన. ఎందుకాడినవంటే మైకు సూసి ఆశ వుట్టింది, గంతే, వేరే కత ఏం లేదు. గ్రామసభల మోరీ సంగతి సదివిన జూడుండ్రి, ఆ తెలివి గూడ దానిదే. నాది ఒట్టి నోరు. ఎస్తేరూ, నీ రేడియో బందున్నదని నాకెరుక. గల్లీలున్న రేడియోలన్ని మోగుతున్నయి, ఇనకుంట ఏడికి పోతవ్? నన్ను తిట్టు, కొట్టు. రేడియో మాత్రం మల్ల కిటికిల పెట్టవే."

అయిపోయింది. వినీత పోన్ నంబరు చెప్పింది, ఎవలన్న మాట్లాడదలుచుకుంటే మాట్లాడొచ్చన్నది. ఇగ ఊకున్నది. రేడియోల ఊకునుడంటే అన్నం పెట్టి కూర పెట్టకపోవుడు అసొంటిది, పాటన్న ఎయ్యాలె, ముచ్చటన్న చెప్పాలె. అది ఏం ఎయ్యలె. గోడ మీద గడియారం ముల్లు తిరుగుతుంది. ఇగ పోను రాదు, అనుకున్న.

పోను మోగింది.

"దుర్గీ."

ఆ తడికట్టె గొంతు. రెండేండ్ల సంది గడప దాటని గొంతు. వినీత ఒక చక్రం తిప్పి సప్పుడు పెంచింది. తగ్గించలె, పెంచింది. ఆ పిల్లకు గందుకే దండం పెడ్త నేను.

"ఇన్ని రేడియోలు ఒక్కపారి పెట్టిచ్చి నా చెవులకు తూట్లు వొడుస్తున్నవేందే," అన్నది ఎస్తేరు. "నీది పడమటిల్లా? తూర్పు వరుసల ఇల్లు పెట్టుకొని పడమటింటి దుర్గవ్వనా? అబద్ధమాడితే సక్కగనన్న ఆడాలె. గది రాదు నీకు, పాట కడ్తవా?"

నేను నవ్వుడో ఏడ్సుడో నాకే తెల్వలె. వినీత మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

"ఆఖరి చరణం తప్పు పాడి ఊరందరికి ఇనిపిచ్చినవ్," అన్నది. "గది సరిజెయ్యాలె. నువ్వు పాడకు. నేను పాడుత."

దగ్గింది. ఊపిరి పీల్చుకున్నది. ఇగ పాడింది. ఏం గొంతది, గీక్కపోయిన గొంతు, రాగం మీదికి పోవాల్సిన కాడ ఇరిగిపోతుంది. ఇరిగిన కాడ ఆగుతుంది, మల్ల ఎత్తుకుంటుంది. కని ఒక్క మాట చెదరలె. లక్ష్మమ్మ నారు మోసింది, భూమయ్య నీళ్లు కట్టిండు. "పాట గట్టినదెవ్వరే? పడమటింటి ఎస్తేరు." అక్కడికి చరణం అయిపోతది. నేను కండ్లు తుడుసుకుంటున్న. అది ఆపలె. లేని మాట ఒకటి, అప్పుడే కట్టి, పాడింది:

గొంతు ఇచ్చినదెవ్వరే? తూరుపింటి దుర్గవ్వ

నేను బల్ల మీద తల పెట్టి ఎక్కెక్కి ఏడ్సిన. నా ఏడ్పు గూడ ముప్పై ఊర్లకు పోయిందట, తర్వాత చెప్పిన్రు. పోనియ్యి. వినీత "వార్తల టైమయింది" అని మెల్లగ చెప్పి ఆకాశవాణికి కలిపింది. దాని కండ్లు గూడ ఎర్రగున్నయి. ఒక పెద్ద బుక్కు తీసి, ఆ పాట పేరు ఉన్న కాడ నా పేరు కొట్టేసింది. కట్టినది ఎస్తేరు అని రాసింది. పాడినది అన్న కాడ ఇద్దరి పేర్లు రాసింది. దాని కింద, అడిగింది వినీత, సాలు చివరి దాక పోలె, అని గూడ రాసుకున్నది. నాకు సదివి వినిపిచ్చింది.

నేను గల్లీలకు వచ్చేటాల్లకు చీకటి పడుతుంది. ఎస్తేరు కిటికిల రేడియో ఉన్నది. వార్తలు మోగుతున్నయి. అది గడప మీద నిలవడి ఒక గిన్నె నా చేతుల పెట్టింది. దాంట్ల ఉడకవెట్టిన పెసరు గుడాలు, ఉల్లిగడ్డ కోసి, మిరపకాయలు ఏసి, ఇంకా ఏడి మీదున్నయి.

"గిన్నె నాది," అన్నది. "వాపసిచ్చేటప్పుడు ఖాళీగ ఇయ్యకు."

ఇప్పుడు పొద్దుగాల ఐదున్నరకు మల్ల మోగుతుంది ఆ రేడియో. టమాట ధర, వార్తలు, ఎనుక పాటలు. నిద్ర పట్టది. నేను పక్కలకెల్లి లేసి తలుపు తీసి "తగ్గియ్యే, చెవులు వలుగుతున్నయి!" అని ఒర్రుత. అది నా దిక్కు సూసుకుంటనే ఇంకింత పెంచుతది.

నేను మల్ల తగ్గియ్యమనను. తలుపు తెరిచి పెట్టి పొయ్యి ముట్టిస్త.